రాఘవేంద్రస్వామి వీణ: మీటు, గమకం, మంత్రాలయం

ఓం శ్రీ రాఘవేంద్రాయ నమః

ఈ వారం వీడియోలో మంత్రాలయం రాయరి జీవితం క్లుప్తంగా చెప్పుకున్నాం. అందులో వీణ ప్రస్తావన వచ్చినచోట ఆగకుండా ముందుకు వెళ్లిపోయాం. ఎందుకంటే అది రెండు నిమిషాల్లో తేలే విషయం కాదు. ఆ సంగతి ఇక్కడ తీరిగ్గా చెప్పుకుందాం. ఇంట్లో వీణ నేర్చుకుంటున్న పిల్లలుంటే వాళ్లను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, వాళ్లకు బాగా పనికొస్తుంది.

మన పూజగదిలో ఉండే రాఘవేంద్రస్వామి పటం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కాషాయ వస్త్రం, చేతిలో జపమాల, పక్కన తాళపత్రాలు, వెనకాల బృందావనం. ఎక్కువ పటాలు ఇలాగే ఉంటాయి. కొన్నింటిలో మాత్రం స్వామివారు ఒళ్లో వీణ పెట్టుకుని కనిపిస్తారు. అది చూసి, చిత్రకారుడెవరో భక్తి కొద్దీ సరస్వతీదేవి వీణను తెచ్చి స్వామి ఒళ్లో పెట్టాడేమో అనుకునేవాళ్లున్నారు. కాదండి. ఆ వీణ వాళ్ల ఇంటిది. ముత్తాత నాటి నుంచి వచ్చిన విద్య అది.

ఆ ముత్తాత పేరు కృష్ణభట్టు. విజయనగరంలో పేరున్న వైణికుడు. శ్రీకృష్ణదేవరాయలకు వీణ నేర్పిన గురువు ఆయనేనని రాయరి చరిత్ర చెబుతుంది. రాయలు ఏలింది 1509 నుంచి 1529 వరకు. అప్పట్లో మన ఆదోని కోట కూడా విజయనగరం ఏలుబడిలోదే. అంటే ఈ కుటుంబం వీణ మొదట మోగింది ఎక్కడో దూరాన కాదు, ఇదే తుంగభద్ర ఒడ్డున, హంపిలో. కృష్ణభట్టు కొడుకు కనకాచలభట్టు, ఆయన కొడుకు తిమ్మణ్ణభట్టు. శాస్త్రమూ సంగీతమూ రెండూ ఆ ఇంట్లో ఒకే చాప మీద కూర్చుని నేర్చుకునే విద్యలు.

1565లో రక్కసి తంగడి యుద్ధం జరిగింది. హంపి పాడైపోయింది. రాజును నమ్ముకుని బతికిన పండితులు, గాయకులు, శిల్పులు చెల్లాచెదురయ్యారు. చాలామంది దక్షిణాన నాయకరాజుల నీడకు చేరారు. ఈ కుటుంబమూ అటే వెళ్లింది. చిదంబరం దగ్గర భువనగిరి అనే ఊళ్లో, 1595 ప్రాంతంలో, ఫాల్గుణ శుద్ధ సప్తమినాడు తిమ్మణ్ణభట్టు, గోపికాంబ దంపతులకు చివరి బిడ్డగా మగపిల్లవాడు పుట్టాడు. తిరుమల స్వామి అనుగ్రహమని వేంకటనాథుడు అని పేరు పెట్టుకున్నారు. అతనికి అక్క వేంకటాంబ, అన్న గురురాజు.

తండ్రి తొందరగానే కన్నుమూశారు. ఇల్లు అన్న భుజాల మీద పడింది. బావగారు లక్ష్మీనరసింహాచార్యులు మధురైలో ఉండేవారు, వేంకటనాథుడి మొదటి చదువు ఆయన దగ్గరే సాగింది. వేదం, వ్యాకరణం, కావ్యాలు, వాటితో పాటు కులవిద్యగా వచ్చిన వీణ. ఈ సంగతులన్నీ మనకు ఎలా తెలుసు అంటారా? స్వామివారి మేనల్లుడు నారాయణాచార్యులు శ్రీ రాఘవేంద్ర విజయం అని సంస్కృతంలో కావ్యం రాశారు. ఇంట్లోవాళ్లు రాసిన చరిత్ర కాబట్టి ఇంటి సంగతులు అందులోకి వచ్చాయి.

ఇప్పుడు అసలు వీణ ఏం చేస్తుందో చూద్దాం. అది తెలియకపోతే ఆ ఇంటి విద్య బరువెంతో మనకు అందదు.

వీణకు వాయించే తీగలు నాలుగు, పక్కన తాళం తీగలు మూడు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి తీగను కిందికి మీటుతాయి. చిటికెనవేలు తాళం తీగల పని చూసుకుంటుంది. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు మెట్ల మీద తిరుగుతాయి. సంవత్సరాల సాధనతో ఆ రెండు వేళ్ల కొసల మీద తీగ గాడి పడిపోతుంది. చర్మం కాయ కాస్తుంది. వైణికుల చేయి చూస్తే చాలు, వాళ్ల విద్య తెలిసిపోతుంది.

తీగ మీటగానే నాదం పుడుతుంది. పుట్టిన క్షణం నుంచే తగ్గిపోవడం మొదలుపెడుతుంది. పాడేవాళ్లకు ఊపిరి ఉన్నంతసేపు స్వరం నిలబడుతుంది. వీణకు ఆ భాగ్యం లేదు. అందుకే ఎడమచేయి ఊరికే మెట్టు మీద నొక్కి కూర్చోదు. ఆ నాదం ఆరిపోయేలోపే తీగను మెట్టు మీద పక్కకు లాగి, వదిలి, మళ్లీ లాగి, ఒక్క మీటులోనే నాలుగైదు స్వరాలు పలికిస్తుంది. ఇలా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి పోయే నడక, ఒక స్వరం మీద ఊగే ఊగు, వీటన్నిటినీ కలిపి గమకం అంటాం. ఎక్కడ మళ్లీ మీటాలి, ఎక్కడ మీటకుండా లాగాలి అన్నది వైణికుడి వివేకం. విద్య అంతా అక్కడే ఉంది.

గమకాలకు మనవాళ్లు ఎప్పుడో పేర్లు పెట్టారు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో 15 రకాలు చెప్పాడు. కంపితం అంటే స్వరాన్ని వణికించడం. వీణలో మెట్టు మీద తీగను అటూ ఇటూ ఆడిస్తే వస్తుంది. జారు అంటే పేరులోనే ఉంది, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు వేలు జారుతూ పోవడం. స్ఫురితం పిల్లలు జంటస్వరాల్లోనే నేర్చుకుంటారు. సస, రిరి అని జంటగా వాయించేటప్పుడు రెండో స్వరానికి ముందు కింది స్వరాన్ని తాకీ తాకకుండా తాకి దెబ్బ వేస్తారు. ఆ చిన్న తాకిడి లేకపోతే జంటస్వరం చప్పగా ఉంటుంది.

ఇది పైపై అలంకారం అనుకోకండి. భైరవి రాగమే తీసుకోండి. గాంధారాన్ని, నిషాదాన్ని కదలకుండా చదునుగా మెట్టు మీద నొక్కి వాయించి చూడండి. స్వరస్థానాలు అవే, శ్రుతి సరిగ్గానే ఉంటుంది, కానీ భైరవి రాదు. ఆ రెండు స్వరాలకు కంపితం పడితేనే భైరవి. ఎమ్మిగనూరు నేతగాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పడుగు ఎంత నీటుగా సర్దినా పేక నడవనిదే బట్ట కాదు కదా.

మీటు సంగతి ఇంకా సూక్ష్మం. కీర్తన వాయించేటప్పుడు సాహిత్యంలో అక్షరం పడినచోట మీటు పడాలి. గోవిందా అన్న పేరు ఉందనుకోండి. గో దగ్గర ఒక మీటు, విం దగ్గర ఒకటి, దా దగ్గర ఒకటి. ఆ దా తర్వాత రాగం ఎంత దూరం పోయినా మళ్లీ మీటకుండా గమకంతోనే లాక్కుపోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ప్రతి స్వరానికీ మీటు వేసేస్తారు. అప్పుడు స్వామి పేరు వినపడదు, కూరగాయలు తరిగిన చప్పుడు వినపడుతుంది. మరీ తక్కువ మీటినా ప్రమాదమే, మాట నీళ్లలో కరిగిపోయినట్టు పోతుంది. మంచి వైణికుడు వాయిస్తే, పాట తెలిసిన శ్రోత మాటలతో సహా వింటాడు. వీణ పాడింది అంటామే, అది అందుకే.

ఒక చిన్న పక్కదారి పడదాం, ఏమనుకోకండి. వేంకటనాథుడు వీణ సాధన చేస్తున్న ఆ రోజుల్లోనే యూరప్ చర్చిల్లో ఆర్గాన్ అనే పెద్ద వాద్యం మహా వైభవంగా ఉంది. రోములో సెయింట్ పీటర్స్ చర్చిలో 1608 నుంచి ఫ్రెస్కోబాల్డి అనే విద్వాంసుడు ఆర్గాన్ వాయించాడు. దాని స్వభావం మన వీణకు పూర్తిగా ఎదురు. మెట్ట నొక్కితే గొట్టంలోకి గాలి వెళ్లి స్వరం వస్తుంది. వేలు తీసేదాకా ఆ స్వరం తగ్గదు, పెరగదు. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే గాత్రం. మరి ఏ స్వరం ముఖ్యమో వినేవాళ్లకు ఎలా తెలియాలి? అందుకని వాళ్లు రెండు ఉపాయాలు పట్టారు. ముఖ్యమైన స్వరానికి ముందు వేలు కాస్త ముందే ఎత్తి రవ్వంత ఖాళీ వదిలేవారు. లేదా ఆ స్వరం మీద పక్క స్వరంతో కలిపి చిన్న వణుకో విసురో వేసేవారు. వాళ్లకు స్వరం ఆగకపోవడం కష్టం, మనకు స్వరం నిలవకపోవడం కష్టం. రెండు చోట్లా మందు మాత్రం వేలి కొసలోనే దొరికింది.

1720లో బాఖ్ అనే మహా విద్వాంసుడు తన పెద్దకొడుక్కి పాఠం చెప్పడానికి రాసుకున్న పుస్తకంలో ఈ వణుకులకు, విసురులకు ఒక్కో గుర్తు వేసి, దాన్ని ఎలా వాయించాలో కింద విడదీసి చూపించాడు. మన దగ్గర అదే పని సుబ్బరామ దీక్షితులు చేశారు. 1904లో ఎట్టయపురం నుంచి వచ్చిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో కంపితానికి అలల గీత, జారుకు ఏటవాలు గీత, ఇలా గమకానికో గుర్తు స్వరాల మీద వేసి అచ్చు వేయించారు. ఆ పుస్తకం తమిళదేశంలో అచ్చయినా అక్షరాలు తెలుగువి. ఇది విన్నప్పుడు తెలుగువాళ్లకు కాస్త ఛాతీ పొంగుతుంది, పొంగనివ్వండి.

సరే, మళ్లీ వేంకటనాథుడి దగ్గరికి వద్దాం.

చదువు అయ్యాక సరస్వతి అనే అమ్మాయితో పెళ్లయింది. లక్ష్మీనారాయణ అని కొడుకు పుట్టాడు. వేంకటనాథుడు కుంభకోణం చేరి సుధీంద్రతీర్థుల దగ్గర ద్వైత వేదాంతం చదువుకున్నాడు. పగలు గురువు చెప్పిన పాఠానికి రాత్రి కూర్చుని టిప్పణి రాసుకునేవాడు. దీపానికి నూనె ఉండేది కాదు. ఎండుటాకులు మంటేసి ఆ వెలుతురులో రాసేవాడట. ఒక రాత్రి అలా రాస్తూ రాస్తూ చలిలో నేల మీదే నిద్రపోతే, సుధీంద్రులు వచ్చి ఆ తాటాకులు చదివి, ఆశ్చర్యపోయి, తన శాలువా తీసి శిష్యుడికి కప్పి వెళ్లారని చెబుతారు. జయతీర్థుల న్యాయసుధకు వేంకటనాథుడు రాసిన ఆ వ్యాఖ్యే పరిమళం. దాని వల్లే ఆయనకు పరిమళాచార్యులు అన్న పేరు వచ్చింది.

వ్యాఖ్య రాయడం అంటే ఏమిటి? పెద్ద వాక్యాన్ని ఎక్కడ విడదీయాలి, ఏ పదాన్ని దేనితో కలపాలి అన్నది తేల్చడం. తప్పుచోట విడదీస్తే అర్థం తలకిందులవుతుంది. తర్వాతి రోజుల్లో స్వామివారు ఉపనిషత్తులకు రాసిన వ్యాఖ్యల్ని ఖండార్థాలు అంటారు. మంత్రాన్ని ఖండాలుగా విడదీసి చెప్పిన అర్థం అన్నమాట. మీటు ఎక్కడ పడాలో, ఎక్కడ లాగాలో పసితనం నుంచి వేళ్లతో నేర్చుకున్న మనిషికి వాక్యంలో విరుపు ఎక్కడో తెలియడం వింత కాదనిపిస్తుంది నాకు. ఇది శాస్త్రం చెప్పిన మాట కాదు, నా ఊహే. కానీ వీణ పట్టినవాళ్లు ఒప్పుకుంటారనుకుంటున్నా.

పేదరికం మాత్రం ఆ ఇంటిని వదల్లేదు. వారంలో చాలా రోజులు ఏకాదశే అన్నట్టు గడిచేది. కట్టుకునే బట్ట చిరిగిపోయింది. ఒకసారి ఎవరింటికో శుభకార్యానికి వెళితే, బ్రాహ్మణుడు ఊరికే కూర్చున్నాడని గంధం తీయమన్నారట. అగ్ని సూక్తం మనసులో చెప్పుకుంటూ గంధం తీశాడు. అది పూసుకున్నవాళ్ల ఒళ్లు మండిపోయింది. సంగతి తెలిసి అందరూ క్షమాపణ అడిగితే వరుణ సూక్తం చదివి చల్లబరిచాడు. ఈ కథ మీలో చాలామందికి తెలుసు. వేళ్లతో చేసే పని, నోట్లో మెదిలే అక్షరం ఆయన దగ్గర ఎంతగా ఒకటైపోయాయో చెప్పే కథగా నాకు ఇది ఇష్టం.

ఇక తంజావూరు. సుధీంద్రతీర్థులకు వయసు మీద పడింది. తన తర్వాత పీఠం ఎక్కడానికి వేంకటనాథుణ్ణి అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. చిన్న భార్య, పసివాడైన కొడుకు ఉన్నారు, ఎలా వదిలి వస్తాను అన్నది ఆయన బాధ. తర్వాత విద్యాదేవత కలలో కనిపించి ఒప్పించిందని సంప్రదాయం. కొడుక్కి ఉపనయనం చేసి, 1621లో ఫాల్గుణ శుద్ధ విదియనాడు తంజావూరులో సన్యాసం తీసుకున్నారు. వేంకటనాథుడు పోయి శ్రీ రాఘవేంద్రతీర్థులు అయ్యారు.

అప్పుడు తంజావూరు ఏలుతున్నది రఘునాథ నాయకుడు. తెలుగు కవి, స్వయంగా వైణికుడు. ఆ కొలువు భాష తెలుగే. వీణ విషయంలో ఆ కొలువులో పెద్ద మార్పు జరిగింది. అంతకుముందు రకరకాల మేళవీణలు ఉండేవి. కొన్నింటిలో రాగం మారితే మెట్లు జరుపుకోవాల్సి వచ్చేది. రఘునాథుడి పేరుతో ప్రసిద్ధమైన వీణలో స్థాయికి 12 చొప్పున 24 మెట్లు మైనంలో కదలకుండా బిగించారు. ఏ రాగమైనా ఆ మెట్ల మీదే. మెట్టు కదలదు కాబట్టి కదిలే పనంతా తీగకూ వేలికీ వచ్చింది, గమకానికి కొత్త బలం వచ్చింది. ఈ రోజు మనం వాయించే వీణ ఆ వీణే. రఘునాథుడి మంత్రి గోవింద దీక్షితుల కొడుకు వేంకటమఖి తర్వాత 72 మేళకర్తల పద్ధతి పెట్టాడు. వీణ చరిత్రలో అంత ముఖ్యమైన రోజుల్లో, అదే ఊళ్లో, విజయనగర వైణికుల వంశంవాడు ఒకాయన ఇల్లూ వాకిలీ వదిలేసి కాషాయం కట్టుకున్నాడు. ఆ తర్వాత మన కథల్లో వీణ మాట దాదాపు వినిపించదు.

వదిలింది వీణ ఒక్కటే అయితే ఇంత చెప్పుకోవలసింది లేదు. సరస్వతమ్మ కథ ఇక్కడే వస్తుంది. భర్త సన్యాసం తీసుకుంటున్నారని తెలిసి, ఒక్కసారి ముఖం చూడాలని పరుగెత్తుకుంటూ వెళ్లి, దారిలో బావిలో పడి ప్రాణం విడిచింది. తీరని కోరికతో ప్రేతరూపంలో మఠానికి వచ్చింది. స్వామివారు గుర్తించి కమండలంలోని నీళ్లు చల్లి ఆమెకు ముక్తి ఇచ్చారు. చాలా ప్రవచనాల్లో ఆ నీళ్లు చల్లిన మహిమ దగ్గరికి గబగబా వెళ్లిపోతారు. బావి దగ్గర కాసేపు ఆగాలి. పీఠం కోసం ఆ ఇల్లు ఇచ్చిన మూల్యం అది. ముందు ఒప్పుకోకుండా స్వామివారు వెనకాడింది ఊరికే కాదు. కొడుకు లక్ష్మీనారాయణను పెదనాన్న గురురాజు చూసుకున్నారు.

1623లో సుధీంద్రులు బృందావనస్థులయ్యారు. ఆయన బృందావనం ఆనెగొందిలో నవబృందావనంలో ఉంది. అంటే హంపికి ఎదురుగా, తుంగభద్రలోని దీవి మీద. రాయరు మఠం బాధ్యత తీసుకుని రామేశ్వరం, ఉడిపి, పండరిపురం, ఇలా దేశమంతా తిరిగారు. పాఠాలు, వాదాలు, గ్రంథాలు. ఆ సంవత్సరాల గురించి ఒక్కో ఊరికీ ఒక్కో మహిమ ఉంది, అవన్నీ వీడియోలో చెప్పుకున్నాం కాబట్టి ఇక్కడ వదిలేద్దాం.

మన సీమకు వచ్చేసరికి కథ నెమ్మదిస్తుంది. ఆదోని ప్రాంతంలో వెంకన్న అనే అనాథ కుర్రవాడు స్వామివారి కాళ్ల మీద పడ్డాడు. చదువు రాదు. కష్టం వచ్చినప్పుడు తలుచుకోమని చెప్పి స్వామివారు ముందుకు సాగారు. కొన్నాళ్లకు ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ ఆ దారిన పోతూ తనకు అందిన ఉత్తరం చదవమని ఈ కుర్రవాణ్ణే నిలదీశాడు. వెంకన్న రాయర్ని తలుచుకుని ఉత్తరం చూశాడు, అక్షరాలు నోట్లోంచి వచ్చేశాయి. ఆ రోజు నుంచి అతని దశ తిరిగింది, చివరికి ఆదోని దివాను అయ్యాడు.

సిద్ది మసూద్ ఖాన్ బీజాపూరు సుల్తానుల తరఫున ఆదోని ఏలినవాడు. ఆదోనిలో జామియా మసీదు కట్టించింది ఆయనే. స్వామివారు ఆదోనికి వచ్చినప్పుడు పరీక్ష చేద్దామని పళ్లెంలో మాంసం పెట్టి గుడ్డ కప్పి సమర్పించాడు. తీర్థం చల్లి గుడ్డ తీస్తే పూలు, పళ్లు ఉన్నాయి. నవాబు తల వంచి, బాగా పండే ఊళ్లు జాగీరుగా ఇస్తానన్నాడు. స్వామివారు అవేవీ కాదని, నది ఒడ్డున మంచాల అనే ఎండుపల్లె అడిగారు. ప్రహ్లాదుడు యజ్ఞం చేసిన చోటు అదని ఆయన చెప్పారు. ఆ మంచాలే ఇప్పటి మంత్రాలయం. ఊరి దేవత మంచాలమ్మను ముందు దర్శించుకునే రాయరి దగ్గరికి వెళ్లాలన్నది ఈనాటికీ ఆచారం.

నాకైతే ఇంకో లెక్క కూడా కనిపిస్తుంది. ముత్తాత వీణ మోగింది తుంగభద్ర ఒడ్డున. యుద్ధం వచ్చి ఆ కుటుంబం కావేరి దాకా వెళ్లిపోయింది. నాలుగో తరంలో ఒకాయన ఆ నది ఒడ్డుకే, కాస్త దిగువకు, తిరిగొచ్చి స్థిరపడ్డారు. చేతిలో వీణ లేదు, జపమాల ఉంది.

సంగీతం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. ఇందు ఎనగె గోవింద అనే కన్నడ కీర్తన స్వామివారిదేనని సంప్రదాయం చెబుతుంది. వేణుగోపాల ముద్ర ఉంటుంది. ఈ రోజుల్లో ఎక్కువగా భైరవిలో పాడుతున్నారు. ఇందాక చెప్పుకున్న ఆ కంపిత గాంధారం ఎలా ఉంటుందో వినాలంటే ఈ పాటే వినండి. వీణ మీద అయితే మరీ మంచిది. గోవిందా అన్న పిలుపు వచ్చినచోట మీటు ఎక్కడ పడింది, ఎక్కడ ఆగి తీగ లాగారు అన్నది గమనించండి. తర్వాత ఈ తుంగభద్ర నేల మీదే దాసుల పరంపర పెరిగింది. విజయదాసులు చివరి రోజులు గడిపింది మన కర్నూలు జిల్లా చిప్పగిరిలోనే.

1671. శ్రావణ బహుళ విదియ. బృందావనం కోసం రాయి ఏది తేవాలో స్వామివారే దివాన్ వెంకన్నకు చెప్పారు. దగ్గర్లోని మాధవరం గ్రామంలో శ్రీరాముడు కూర్చున్న శిల ఉంది, దానితో చెక్కించమన్నారు. లోపల కూర్చునే ముందు శిష్యులకు ఒక గుర్తు చెప్పారు. తాను జపం చేస్తూ ఉంటానని, వేళ్ల మధ్య జపమాల తిరగడం ఆగినప్పుడు చుట్టూ రాళ్లు పేర్చమని. శిష్యులు కళ్లు ఆర్పకుండా ఆ వేళ్లనే చూస్తూ నిలబడ్డారు. పూస వెనక పూస కదిలింది. ఆగింది. రాళ్లు పేర్చారు.

ఆ సమయంలో నదికి అవతల బిచ్చాలిలో ఉండే ప్రియశిష్యుడు అప్పణ్ణాచార్యులు దగ్గర లేరు. వార్త తెలిసి పరుగున వచ్చేసరికి తుంగభద్ర వరదతో పొంగుతోంది. అలాగే నదిలో దిగి, గురువు మీద స్తోత్రం చెప్పుకుంటూ ఈదుకుంటూ వచ్చారు. ఒడ్డు చేరి బృందావనం ముందు నిలబడేసరికి రాళ్లు మూసుకుపోయి ఉన్నాయి. గొంతు పూడుకుపోయింది. చివరి శ్లోకం చివరి పాదంలో ఛందస్సుకు ఇంకా ఏడక్షరాలు కావాలి, నోరు పెగల్లేదు. పాదం సగంలో ఆగిపోయింది. అప్పుడు బృందావనం లోపలి నుంచే, ఎక్కడ ఆగిందో అక్కడ అందుకుని, లయ తప్పకుండా ఆ ఏడక్షరాలు స్వామివారి గొంతుతో వినిపించాయని చెబుతారు.

బిచ్చాలిలో అప్పణ్ణాచార్యుల ఇల్లు ఇప్పటికీ చూడొచ్చు. మంత్రాలయం వెళ్లినప్పుడు వీలుంటే నది దాటి అక్కడికి కూడా వెళ్లండి. ఆ స్తోత్రం చదివే ప్రతివాళ్లూ ఆ ఏడక్షరాలు కలుపుకునే చదువుతారు.